చెరువు గట్టు మీద నల్ పాయింటర్: ఒక డ్రైవర్ మరమ్మతు డైరీ

జూన్ 7, 2025, శనివారం

బావ భీమవరం పక్కన వనామి రొయ్యల చెరువులు చేస్తాడు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని అక్కడందరూ డీఓ అంటారు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి పొద్దుగూకినప్పటి నుంచి తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున బాగా అడుక్కు పోతుంది. 4 పీపీఎం కిందికి జారితే రొయ్యకు ఇబ్బంది మొదలైనట్టే, ఆ వేళకి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతూ ఉండాలి. అందుకని గట్టు మీద షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టాం, ఈ డైరీలో పై అంటే అదే. దానికి ఐటూసీ అనే, చిప్పులు మాట్లాడుకునే తీగలతో ఒక చిన్న సెన్సర్ బోర్డు కలిపాం. బోర్డు మీదున్న మైక్రోకంట్రోలర్ రీడింగ్ సిద్ధం కాగానే ఇంటరప్ట్ లైనుని, అంటే ఇటు చూడమని పిలిచే తీగని, కిందికి లాగుతుంది, లైనక్స్ కెర్నల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) ఉన్న డ్రైవర్, అంటే ఆ బోర్డుతో మాట్లాడే కోడు, లేచి ఆ రీడింగ్ చదువుకుంటుంది. డ్రైవర్ బోర్డుతో పాటే వచ్చింది, 600 లైన్ల సీ ఫైలు, నేను ఇంతవరకు తెరిచి చూడలేదు.

ఈ వారంలో మూడుసార్లు ఆగిపోయింది. మొన్న ఐదింటికి బావ ఫోన్. "మీ బాక్సు రాత్రంతా 5.2 చూపించిందయ్యా, అనుమానం వచ్చి నేనే మీటరు పట్టుకుని దిగాను, నీళ్లలో మూడున్నరే ఉంది" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. పై చచ్చిపోయి ఉంటే ఇంత బాధ లేదు, స్క్రీన్ నల్లగా ఉంటే బావ ఎప్పుడో లేచి పరుగెత్తేవాడు. ఇది బతికే ఉంది, పాత అంకె పట్టుకుని కూర్చుంది.

లాగ్ తెప్పించుకుని చూశాను. కెర్నల్ ఊప్స్ ఉంది, అంటే తన లోపల తప్పు జరిగిందని కెర్నల్ రాసే రిపోర్టు. "నల్ పాయింటర్ డీరిఫరెన్స్, వర్చువల్ అడ్రస్" అని, దాని పక్కన సున్నాల వరస, చివర 18. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి అడ్రస్, నల్ అంటే ఎక్కడికీ చూపించని ఖాళీ పాయింటర్, దాన్ని నమ్మి ఆ చోటికి వెళ్లడమే డీరిఫరెన్స్. దాని కింద ఇంటరప్ట్ థ్రెడ్ ఎగ్జిట్ అవుతోందని ఒక లైను. విషయం అర్థమైపోయింది. థ్రెడెడ్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పిలుపు అందుకుని తన సొంత థ్రెడ్‌లో విడిగా నడిచే ఫంక్షన్) కూలితే కెర్నల్ ఆ ఒక్క థ్రెడ్‌ని చంపి మిగతా పని చేసుకుంటూ పోతుంది. అసలు హార్డ్ ఇంటరప్ట్‌లో కూలితే మొత్తం ప్యానిక్ అయి, సిస్టమే ఆగిపోయి ఉండేది. ఇక్కడ థ్రెడ్ పోయింది, కొత్త రీడింగ్ తెచ్చేవాడు లేడు, స్క్రీన్ మీద అంకె చూపే ప్రోగ్రాం చివరి అంకెనే చూపిస్తూ ఉంది.

ఆ 18 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నాకు తెలిసిన చాలామంది కుర్రాళ్లు ఊప్స్ చూడగానే భయపడి స్క్రోల్ చేసేస్తారు, కానీ సగం జవాబు ఆ అంకెలోనే ఉంటుంది. అది హెక్సా (పదహార్ల లెక్క), అంటే మామూలు లెక్కలో 24. నల్ పాయింటర్ అంటే అడ్రస్ సున్నా కదా, మరి 24 ఎందుకొచ్చింది? సున్నా దగ్గర ఒక స్ట్రక్చర్ (ఫీల్డుల కట్ట) ఉందనుకుని దాని లోపల 24వ బైటు దగ్గరున్న ఫీల్డుని ముట్టుకోబోయాం. 64 బిట్ మిషన్‌లో పాయింటర్ 8 బైట్లు. డ్రైవర్ ప్రైవేట్ స్ట్రక్చర్ తీసి చూస్తే మొదట క్లయింట్ (ఐటూసీ మీద మన చిప్పు), తర్వాత రెగ్‌మ్యాప్ (దాని రిజిస్టర్లు చదివే దారి), తర్వాత సప్లై (దాని కరెంటు), మూడూ పాయింటర్లే, మూడెనిమిదులు ఇరవై నాలుగు, నాలుగోది మ్యూటెక్స్ లాక్, ఇద్దరు ఒకేసారి డేటా ముట్టుకోకుండా ఆపే తాళం. స్ట్రక్చర్ పెద్దదైతే ఇలా చేత్తో లెక్కపెట్టక్కర్లేదు, పహోల్ అనే టూల్ మాడ్యూల్ ఫైలు మీద నడిపితే ప్రతి ఫీల్డు ఆఫ్‌సెట్ రాసి ఇస్తుంది.

ఇంకో సంగతి. కూలిన చోటు అని లాగ్ చూపించింది మ్యూటెక్స్ లాక్ ఫంక్షన్‌ని. అది కెర్నల్ సొంత కోడు, దాని తప్పేమీ లేదు. మన హ్యాండ్లర్ లాక్ ఫీల్డు అడ్రస్ లెక్కగట్టి పంపింది, సున్నాకి 24 కలపడం వరకే కాబట్టి ఆ లైనులో మెమరీని ఎవరూ ముట్టుకోలేదు, లోపలికెళ్లి ముట్టుకున్నవాడు పడిపోయాడు. స్టాక్‌లో (ఎవరు ఎవరిని పిలిచారో చూపే వరసలో) ఒక మెట్టు పైకెక్కి చూస్తే అసలు మనిషి కనబడతాడు.

జూన్ 8, ఆదివారం

ఇంట్లో టేబుల్ మీద ఎన్నిసార్లు రీబూట్ చేసినా రాలేదు. పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా ఇదే పని. అన్నం తింటుండగా తట్టింది: ఇంట్లో పై, సెన్సర్ బోర్డు రెండూ ఒకే ప్లగ్గు మీద ఉన్నాయి. గట్టు మీద సెన్సర్ బోర్డుకి వేరే చిన్న బ్యాటరీ ఉంది. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు పై పడి లేస్తుంది, సెన్సర్ బోర్డు పడదు. అంటే పై లేచేసరికే అది రీడింగ్ సిద్ధం చేసి, ఇంటరప్ట్ లైను కిందికి లాగి పట్టుకుని ఉంటుంది.

చెయ్యి కడుక్కుని బోర్డుకి విడిగా బ్యాటరీ పెట్టి పైని ఒక్కదాన్నే రీబూట్ చేశాను. మొదటిసారికే ఊప్స్. మళ్లీ చేస్తే మళ్లీ. పదిసార్లు చేస్తే పదిసార్లూ వచ్చింది. బగ్ ఇలా చేతికి దొరికిన క్షణం ఎంత హాయిగా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

ప్రోబ్ ఫంక్షన్‌లో, అంటే బోర్డుతో పని మొదలుపెట్టమని కెర్నల్ డ్రైవర్‌ని పిలిచే చోట, వరస ఇలా ఉంది. ముందు ఇంటరప్ట్‌ని అడిగి తీసుకునే రిక్వెస్ట్ థ్రెడెడ్ ఐఆర్‌క్యూ పిలిచారు. తర్వాత రిసెట్ పిన్ను లాగి 50 మిల్లీసెకన్లు ఆగారు. తర్వాత రెగ్‌మ్యాప్. అన్నీ అయ్యాక చిట్టచివర ఐటూసీ సెట్ క్లయింట్‌డేటా, ప్రైవేట్ స్ట్రక్చర్ పాయింటర్‌ని క్లయింట్‌లో దాచేది. హ్యాండ్లర్ ఏం చేస్తుందంటే వస్తూనే గెట్ క్లయింట్‌డేటా అని అడుగుతుంది. లెవెల్ ఇంటరప్ట్ (లైను కింద ఉన్నంతసేపూ పిలిచే రకం) కాబట్టి లైను అప్పటికే కింద ఉంటే రిక్వెస్ట్ చేసిన మరుక్షణమే హ్యాండ్లర్ లేస్తుంది. ఇంకా ఎవరూ ఏమీ పెట్టలేదు, కాబట్టి నల్ వస్తుంది. 50 మిల్లీసెకన్లంటే మనకి రెప్పపాటు, కెర్నల్‌కి అదొక యుగం. ఇల్లు కట్టకముందే గృహప్రవేశానికి పిలిచినట్టు.

ఇక్కడ ఒక ఆకర్షణ ఉంటుంది, హ్యాండ్లర్ మొదట్లో "పాయింటర్ నల్ అయితే వెనక్కి పో" అని ఒక లైను రాసేసి ఫైలు మూసేయడం. నేనూ రాశాను, ఊప్స్ ఆగింది, పది నిమిషాలు సంతోషంగా ఉన్నాను, తర్వాత తీసేశాను. లైను ఇంకా కిందే ఉంది కాబట్టి ఆ కాసేపూ ఇంటరప్ట్ ఆగకుండా కొడుతూనే ఉంటుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 కంటే ఎక్కువ ఎవరూ పట్టించుకోకపోతే "నోబడీ కేర్డ్" అని రాసి కెర్నల్ ఆ లైనునే మూసేస్తుంది, అప్పుడు మళ్లీ పాత 5.2 కథే. అది అలా ఉంచితే, రేపు ఎవరైనా క్లయింట్‌డేటా లైనుని పైకి జరిపి రెగ్‌మ్యాప్‌ని కిందే వదిలేస్తే, నా చెక్ దాటుకుని లోపలికెళ్లి రెగ్‌మ్యాప్ దగ్గర పడుతుంది. ఒక ఫీల్డు దగ్గర గోడ కడితే పక్క ఫీల్డు నుంచి వస్తుంది. ఎవరు ముందు పుట్టాలి, ఎవరు తర్వాత పుట్టాలి అన్న వరసే తప్పినప్పుడు, చెక్‌లు ఎన్ని పెట్టినా ఆ తప్పు ఇంకోచోటికి జరుగుతుంది తప్ప పోదు.

కాబట్టి వరస మార్చాను. మెమరీ, సప్లై, రిసెట్, రెగ్‌మ్యాప్, లాక్, వర్క్ (తర్వాత చేయడానికి పక్కన పెట్టే పని), అన్నీ సిద్ధమయ్యాక ఆఖరి అడుగుగా ఇంటరప్ట్. హ్యాండ్లర్‌కి క్లయింట్‌ని ఇచ్చి అక్కడి నుంచి వెతుక్కోమనడం మానేసి నేరుగా ప్రైవేట్ స్ట్రక్చర్ పాయింటర్‌నే ఇచ్చాను. ఇక అక్కడ నల్ రావడానికి దారే లేదు, చెక్ కూడా అక్కర్లేదు. ఈసారి రీబూట్ ఇరవైసార్లు, అన్నీ శుభ్రంగా లేచాయి.

జూన్ 11, బుధవారం రాత్రి

ఆఫీసు నుంచి వచ్చాక మిగతా ఫైలు చదువుతున్నాను. ఒక బగ్ ఉన్నచోట పది ఉంటాయి.

కెర్నల్‌లో పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్లు మూడు తెగలు, ఏది ఏ తెగదో గుర్తు పెట్టుకోకపోతే డ్రైవర్ రాయకూడదు అన్నంత ముఖ్యం ఇది. కొన్ని ఓడిపోతే నల్ ఇస్తాయి, మెమరీ ఇచ్చే డెవ్‌ఎం కేజాలాక్ లాంటివి (పేరులో డెవ్‌ఎం ఉంటే, డ్రైవర్ విడిపోయాక కెర్నలే వెనక్కి తీసుకునే రకం). కొన్ని ఓడిపోతే నల్ ఇవ్వవు, ఎర్రర్ నంబర్‌నే పాయింటర్ వేషం వేసి పంపిస్తాయి, డెవ్‌ఎం రెగ్యులేటర్ గెట్, డెవ్‌ఎం రెగ్‌మ్యాప్ ఇనిట్ లాంటివి. అడ్రస్‌ల పైకొసన ఉన్న చివరి 4,095 విలువలని దీనికోసం కెర్నల్ కేటాయించి ఉంచింది, వాటిని ఈజ్ ఎర్ అనే చిన్న ఫంక్షన్‌తో పట్టుకోవాలి. మూడో తెగ ఆప్షనల్ అన్న మాట పేరులో ఉన్నవాటిలో చాలావరకు. ఆ వస్తువు బోర్డు మీద లేకపోతే నల్ ఇస్తాయి, అది తప్పు కాదు, "లేదు" అని చెప్పడం. ఉండీ దొరక్కపోతే ఎర్రర్ పాయింటర్ ఇస్తాయి.

మన ఫైల్లో సప్లై తీసుకున్న చోట "నల్ అయితే వెనక్కి పో" అని ఉంది. చిప్పుకి కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ ఇంకా లేవకపోతే వచ్చేది మైనస్ 517, "ప్రోబ్ డిఫర్, తర్వాత రా" అని అర్థం. మైనస్ 517 నల్ కాదు కదా, చెక్ దాటిపోతుంది. తర్వాతి లైనులో దాన్ని నిజం పాయింటర్ అనుకుని ఎనేబుల్ చేస్తారు, ఢమాల్. అప్పుడు లాగ్‌లో నల్ అన్న మాట కూడా ఉండదు, పేజింగ్ రిక్వెస్ట్ కుదరలేదని, పక్కన ఎఫ్‌లు వరసగా నిండిన అడ్రస్ ఉంటుంది. ఎఫ్‌లతో మొదలై చివర చిన్న తేడా ఉన్న అడ్రస్ కనిపిస్తే ఇది ఎర్రర్ పాయింటర్ పనేమో అని ముందు అనుమానించండి.

మరి ఇన్నాళ్లూ ఎందుకు పడలేదు? ఇప్పటి కెర్నళ్లలో ఫర్మ్‌వేర్ డెవ్‌లింక్ అనే ఏర్పాటు ఉంది. ఎవరికి ఎవరు కరెంటు ఇస్తారో డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో రాసిన పట్టికలో) చూసుకుని, ఇచ్చేవాడు లేచేదాకా మన ప్రోబ్‌ని పిలవనే పిలవదు. తప్పు కోడుని అది కాపాడుతూ వచ్చింది. బూట్ కమాండ్ లైనులో దాన్ని ఆఫ్ చేసి, రెగ్యులేటర్ మాడ్యూల్ లోడ్ కాకుండా ఆపి చూశాను. అనుకున్నట్టే పడింది.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది రిసెట్ పిన్ను. ఆప్షనల్ ఫంక్షన్‌తోనే తీసుకున్నారు, బాగుంది. తర్వాత "ఎర్రర్ అయినా నల్ అయినా" అని రెండింటినీ కలిపి పట్టే చెక్ పెట్టి, లోపల పీటీఆర్ ఎర్ (పాయింటర్‌ని ఎర్రర్ నంబర్‌గా మార్చేది) తిరిగిచ్చారు. పిన్ను లేని బోర్డు మీద వచ్చేది నల్, అంటే సున్నా. సున్నాని ఎర్రర్ నంబర్‌గా మారిస్తే సున్నా. ప్రోబ్ ఫంక్షన్ సున్నా తిరిగిస్తే కెర్నల్‌కి అర్థం ఏమిటి? పని విజయవంతంగా అయిపోయిందని! సగంలో వదిలేసి "అయిపోయింది" అని చెప్పి వెళ్లిపోయిన మేస్త్రీ లాగ. కెర్నల్ నమ్ముతుంది, డ్రైవర్ కలిసిందని రాసుకుంటుంది, తర్వాత ఎప్పుడో ఎవరో సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సంగతులు ఫైళ్లుగా చూపే చోట) ఫైలు తెరిచి డీఓ చదవబోతే అక్కడ రెగ్‌మ్యాప్ నల్. తప్పు ఒకచోట, కూలడం ఇంకోచోట, మధ్యలో గంటలు గడుస్తాయి. ఆ రెండు కలిపిన చెక్‌ని చూస్తేనే నాకు అనుమానం, నిజంగా అవసరమైన చోట్లు చాలా తక్కువ. ఈజ్ ఎర్ మాత్రమే ఉంచాను. నల్ వస్తే రానీ, జీపీఐఓ (పిన్నులు ఆడించే) ఫంక్షన్లు నల్‌ని ఊరికే దాటేస్తాయి, ఆప్షనల్ తెగ పెట్టిందే ఆ సౌకర్యం కోసం.

జూన్ 14, 15

శని ఆదివారాలు రెండూ దీనికే పోయాయి.

శనివారం బైండ్, అన్‌బైండ్. సిస్‌ఎఫ్‌ఎస్‌లో డ్రైవర్ డైరెక్టరీలో ఈ రెండు ఫైళ్లు ఉంటాయి, డివైస్ పేరు అందులో రాస్తే డ్రైవర్‌ని విడదీస్తుంది, కలుపుతుంది. షెల్ లూపులో 500 సార్లు పెట్టాను. 38వ సారి పడింది. విడదీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ చూస్తే, క్లయింట్‌డేటాని నల్ చేసి కేఫ్రీతో మెమరీ వదిలేస్తున్నారు. కానీ ఇంటరప్ట్‌ని డెవ్‌ఎం రకంతో తీసుకున్నారు, డెవ్‌ఎం వస్తువులు రిమూవ్ పూర్తిగా ముగిశాకే వెనక్కి పోతాయి. అంటే మెమరీ పోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది, ఆ సందులో రీడింగ్ వచ్చి కొట్టింది. హ్యాండ్లర్ చేతిలో ఇప్పుడు నేరుగా ప్రైవేట్ పాయింటరే ఉంది కాబట్టి విడిచేసిన మెమరీలో చదివింది, నల్ కంటే ఇది ఇంకా చెడ్డది, ఎందుకంటే కొన్నిసార్లు చెత్త అంకెలు చదివి పడకుండా సాగిపోతుంది.

మెమరీని కూడా డెవ్‌ఎంలోకి మార్చాను. డెవ్‌ఎం తీసుకున్న వరసకి సరిగ్గా తిరగేసి వదులుతుంది. మొన్న ఇంటరప్ట్‌ని ఆఖర్న పెట్టాం కాబట్టి ఇప్పుడు అదే మొదట పోతుంది, మెమరీ అన్నిటికంటే చివర. పోయిన ఆదివారం సరిచేసిన వరసే ఇక్కడా పనికొచ్చింది. సప్లై ఆఫ్ చేయడానికి డెవ్‌ఎం యాడ్ యాక్షన్, వర్క్‌కి ఆటోక్యాన్సిల్ రకం. రిమూవ్ ఫంక్షన్‌లో ఏమీ మిగల్లేదు, మొత్తం తీసేశాను. లూపు 2,000 సార్లు, పడలేదు.

ఆదివారం ఫాల్ట్ ఇంజెక్షన్, అంటే కావాలని తప్పులు పుట్టించి చూడటం. దీన్ని వాడేవాళ్లు తక్కువ, నాకు మాత్రం ఇదంటే మహా ఇష్టం. చిన్న చిన్న మెమరీ అడిగితే కెర్నల్ దాదాపు ఎప్పుడూ కాదనదు, అవసరమైతే ఏదో ప్రాసెస్‌ని చంపైనా ఇస్తుంది. అందువల్ల "మెమరీ దొరక్కపోతే" అని రాసిన కోడు ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నడవకుండా పడి ఉంటుంది. దాన్ని కావాలని నడపాలి. కెర్నల్‌ని ఫాల్ట్ ఇంజెక్షన్, ఫెయిల్‌స్లాబ్ (అడిగిన మెమరీ ఇవ్వకుండా చేసేది) ఆన్ చేసి మళ్లీ కట్టాను, పనిలో పనిగా కాసాన్ కూడా, అది విడిచేసిన మెమరీ ముట్టుకుంటే పట్టేస్తుంది.

ప్రాక్ సెల్ఫ్ కింద ఫెయిల్ ఎన్త్ అని ఒక ఫైలుంటుంది. అందులో 7 రాస్తే, ఈ టాస్క్ ఇకపై చేసే పనుల్లో ఏడోసారి మెమరీ అడిగినప్పుడు అది ఫెయిలవుతుంది. బైండ్ ఫైల్లో రాసినప్పుడు ప్రోబ్ ఆ రాసిన టాస్క్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇది చక్కగా పట్టుబడుతుంది. షెల్‌లో చేస్తే ఫైలు తెరవడంలోనే ఫెయిలవుతుంది, అందుకని 40 లైన్ల సీ ప్రోగ్రాం రాశాను: ముందే బైండ్ ఫైలు తెరిచి పెట్టుకోవడం, ఫెయిల్ ఎన్త్‌లో 1 రాయడం, బైండ్ చేయడం, ఫెయిల్ ఎన్త్‌ని తిరిగి చదవడం. సున్నా వస్తే ఫెయిల్ జరిగిందని, సున్నా కాకుండా వస్తే ఇక ఫెయిల్ చేయడానికి ఏమీ మిగల్లేదని. తర్వాత 2, 3, 4, ఇలా ఒక్కో మెట్టూ తీసేసి చూస్తూ పోవడమే.

17 దగ్గర పడింది. డెవ్‌ఎం కాస్‌ప్రింట్‌ఎఫ్‌తో పేరు తయారుచేసి, దొరికిందో లేదో చూడకుండా అందులో అక్షరం వెతుకుతున్నారు, అడ్రస్ సున్నా. 23 దగ్గర పడలేదు గానీ వార్నింగ్ వచ్చింది: ఎర్రర్ దారిలోకి ముందే దూకేసి, ఇంకా ఇనిషియలైజ్ చేయని వర్క్‌ని క్యాన్సిల్ చేయబోయింది. లోపల వర్క్ ఫంక్షన్ పాయింటర్ నల్. వర్క్‌క్యూ కోడు రాసినవాళ్లు దీన్ని ఊహించి అక్కడ వార్న్ ఆన్ పెట్టి వెనక్కి తిప్పారు, వాళ్లకి దణ్ణం. రెండూ సరిచేశాక మొదటి మెట్టు నుంచి చివరి దాకా ఊప్స్ లేకుండా నడిచింది. టైము చూస్తే రాత్రి ఒంటిగంటన్నర.

జూన్ 18

స్మాచ్ నడిపాను, కోడుని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్ అది. ఒక్క లైను పట్టింది: "చెక్ చేయకముందే వాడారు" అని. నిజమే, సిస్‌ఎఫ్‌ఎస్ షో ఫంక్షన్‌లో పాయింటర్ లోపలి ఫీల్డు చదివి, రెండు లైన్ల తర్వాత ఆ పాయింటర్ నల్ అవునా కాదా అని అడుగుతున్నారు.

చూడ్డానికి పెద్ద నష్టం లేనట్టే ఉంటుంది. కానీ 2009లో లైనక్స్ టన్ డ్రైవర్‌లో (ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు ఇచ్చేది) అచ్చం ఇదే ఆకారం ఉండేది. పోల్ ఫంక్షన్‌లో ముందు టన్ పాయింటర్ నుంచి సాకెట్ తీసుకుని, తర్వాత టన్ నల్ అయితే వెనక్కి పొమ్మన్నారు. కంపైలర్ ఏమనుకుందంటే, వీళ్లు ఇప్పటికే ఈ పాయింటర్‌ని వాడేశారు, కాబట్టి ఇది నల్ అయ్యే ప్రశ్నే లేదు, ఈ చెక్ దండగ అని దాన్ని తుడిచేసింది. సోర్సులో చెక్ ఉంది, బైనరీలో లేదు. మామూలుగా అయితే సున్నా అడ్రస్ దగ్గర ఏమీ ఉండదు కాబట్టి ఊప్స్‌తో పోయేది, కానీ అప్పట్లో సున్నా పేజీని మ్యాప్ చేసుకునే దారులు దొరికాయి, అక్కడ తన సొంత డేటా పెట్టి రూట్ అధికారం తెచ్చుకునే ఎక్స్‌ప్లాయిట్ బయటికొచ్చింది. ఆ తర్వాతే కెర్నల్‌ని నల్ చెక్‌లు తీసేయొద్దు అనే కంపైలర్ ఫ్లాగుతో కట్టడం మొదలైంది. మామూలు ప్రోగ్రాంలు అడుగు పేజీలని మ్యాప్ చేయకుండా ఆపే ఎంమ్యాప్ మిన్ అడ్రస్ అనే హద్దు కూడా ఉంది, చాలా డిస్ట్రోల్లో అది 65,536. నల్ పాయింటర్ అంటే కూలడమే కదా, అంతకంటే ఏమవుతుంది అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ కథే చెబుతాను.

మన చోట ఆ చెక్ అసలు అక్కర్లేదు, సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలు పుట్టేసరికే పాయింటర్ ఉంటుంది. తీసేశాను. కోడులో ఇలాంటి తప్పుల ఆకారాలు వెతికే కాక్సినెల్ స్క్రిప్టులు కెర్నల్ సోర్సులోనే నల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అవి కూడా నడిపాను, కొత్తగా ఏమీ దొరకలేదు.

ఒక మిత్రుడు దీన్ని రస్ట్ అనే భాషలో రాసేయొచ్చుగా అన్నాడు. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 నుంచి కెర్నల్‌లో రస్ట్‌కి చోటుంది, అందులో మామూలు రిఫరెన్స్ నల్ కాలేదు, "ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్నదానికి ఆప్షన్ అనే వేరే టైపు, ఉందో లేదో తేల్చకుండా లోపలిది వాడబోతే కంపైలే కాదు. ఆ మూడు తెగల గొడవ మొత్తం అక్కడ టైపులోనే రాసి ఉంటుంది. నాకు నిజంగా ఆశగా ఉంది. కానీ చెరువు ఆగదు, ఈ సీజనుకి సీ ఫైలే.

జూన్ 21

చిన్న పని. డివైస్ ట్రీ లేకుండా న్యూ డివైస్ ఫైలు ద్వారా చిప్పుని చేత్తో పుట్టించాను. మ్యాచ్ డేటా (ఏ రకం చిప్పో చెప్పే సమాచారం) నల్ వచ్చి ప్రోబ్ పడింది. ఇక్కడ మాత్రం చెక్ పెట్టాను, ఎందుకంటే ఇది బయటి నుంచి వచ్చే సమాచారం, మన వరసతో సంబంధం లేదు. నల్ అయితే ఎర్రర్ తిరిగిచ్చి లాగ్‌లో ఒక వాక్యం రాస్తుంది.

ఇక పెద్ద ప్రశ్న. ఇంత చేశాక కూడా ఎక్కడో ఇంకోటి మిగిలి ఉంటే? ఊప్స్ వచ్చినా సాగిపోవడం లాప్‌టాప్‌కి మంచిది, రాస్తున్న ఫైలు సేవ్ చేసుకోవచ్చు. గట్టు మీద అది విషం. ప్యానిక్ ఆన్ ఊప్స్ 1 చేశాను, ప్యానిక్ అయిన 10 సెకన్లకి రీబూట్. సిస్టమ్ బిగుసుకుపోతే రీబూట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఆన్ చేశాను. రామ్‌ఊప్స్ పెట్టాను, రీబూట్ అయినా చివరి లాగ్ మెమరీలో మిగిలి తర్వాత చదువుకోవడానికి దొరుకుతుంది, పవర్ పోతే మాత్రం దొరకదు. స్క్రీన్ మీద అంకె చూపే ప్రోగ్రాంలో ప్రతి రీడింగ్‌కీ టైము కలిపి, రెండు నిమిషాలు పాతబడితే అంకె తీసేసి ఎర్ర గీతలు చూపించి అలారం కొట్టేలా మార్చాను. నిజానికి ఇది మొదటి రోజే చేయాల్సింది.

జూన్ 28, శనివారం, చెరువు దగ్గర

పొద్దున్నే బస్సు దిగి నేరుగా గట్టుకే వెళ్లాను. కొత్త మాడ్యూల్ ఎక్కించి, మెయిన్ స్విచ్ నా చేత్తోనే 12 సార్లు దించి ఎత్తాను. ప్రతిసారీ పై పడి లేచింది, సెన్సర్ బోర్డు లైను పట్టుకునే ఉంది, మొదటి రీడింగ్ మూడు సెకన్లలోపే వచ్చింది.

టీ తాగుతుంటే పక్క చెరువాయన అడిగారు, పోయినేడు ఎయిర్‌పోర్టుల్లో కంప్యూటర్లన్నీ నీలంగా మారిపోయాయే, అదీ ఇదేనా అని. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిన సంగతి అది, ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారని వార్తల్లో చూశాం. మొదట్లో చాలామంది నల్ పాయింటర్ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. తర్వాత కంపెనీ నివేదికలో చెప్పింది వేరు: ఇన్‌పుట్లు 20 ఇచ్చి 21వది చదవబోయారు, అంటే హద్దు దాటి చదవడం. పాయింటర్ నల్ కాదు, చెత్త. నల్ చెక్ దాన్ని ఆపలేదు. ఆయనకి ఇలా చెప్పాను, ఇరవై ట్రేలే ఉన్నప్పుడు ఇరవై ఒకటో ట్రే తీయబోయి నీళ్లలో పడినట్టండీ అని. తలూపారు.

రాత్రి అక్కడే పడుకున్నాను. మూడింటికి లేచి చూస్తే 4.3. బావ అప్పటికే ఏరియేటర్లు వేసి గట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో పాత మీటరు కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. మీటరు 4.2 చూపించింది.

జూలై 6, ఆదివారం

వారంలో కరెంటు 9 సార్లు పోయింది. ఊప్స్ లేదు. రామ్‌ఊప్స్ ఖాళీ. అలారం ఒకసారి మోగింది, బుధవారం రాత్రి, చూస్తే సెన్సర్ కేబుల్ ఊడింది, అలా మోగాల్సిందే. కాకపోతే అప్పుడు డ్రైవర్ ఐటూసీ ఎర్రర్‌ని సెకనుకి పదిసార్లు లాగ్‌లో రాసి నింపేసింది, దాన్ని రేట్‌లిమిట్ రకానికి (ఒక హద్దు మేరకే రాసేదానికి) మార్చాలి. ప్యాచ్‌లు ఆరుగా విడగొట్టి, ఒక్కో దానికి ఏ వరస ఎందుకు మారిందో కమిట్ మెసేజ్‌లో రాసి బోర్డు చేసినవాళ్లకి పంపాను. ఇదే బోర్డు ఇంకో నాలుగు చెరువుల మీద ఉందని బావ చెప్పాడు, వాళ్ల పైలలో ఏ కెర్నల్ ఉందో కనుక్కోమన్నాను.